గురివింద గొట్టాలు

రాయగడ,
ఫిబ్రవరి, 1997.

చిరంజీవి బావమరిది మల్లేశ్వరరావుకి, బావ సోమేశ్వరరావు దీవించి రాయడమేమంటే – ఇక్కడ ఒక్క ఎడమకాలు తప్ప మేమంతా క్షేమం. ఆ కాలు కూడా క్షేమానికి కూతవేటు దూరంలో ఉంది. జయపురంలో నువ్వూ, మీ ఆవిడ బాలామణీ పూర్తి క్షేమమని తలుస్తాను.

ఫోను చెయ్యకుండా ఈ ఉత్తరాలేమిటని బాలామణి అడుగుతుంది. ఎస్టీడీ బూత్‌లో మీటరు గిర్రున తిరుగుతుంటే నాకు మాట పెగలదు. ఇన్‌లాండు కవరుకి మీటరు లేదు, ఎదుటివాడు అడ్డు రాడు. మాట్లాడ్డానికి ఇంతకంటే మర్యాదైన చోటు లేదు.

మీ ఇంట్లో వ్రతానికి బయల్దేరే ముందు గోనెసంచులు కుట్టే దబ్బనం నా కాల్లో దిగిన సంగతీ, మీ ఊరొచ్చేసరికి ఆ కాలు పనసకాయంత అయిన సంగతీ, నువ్వు నన్ను రిక్షాలో కుదేసి డాక్టరు దగ్గరికి తీసుకుపోయిన సంగతీ నీకు తెలిసినవే. తెలిసినవాటిని మళ్ళీ చెప్పడంలో ఒక సుఖముంది కనుక చెబుతున్నాను. ఆ డాక్టరు గొట్టం మాత్రలు రాసిచ్చాడు కదా, సగం ఎరుపు, సగం నలుపు, అచ్చం గురివింద గింజల్లాంటివి. రోజుకి మూడుపూటలా, ఏడురోజులూ తప్పకుండా మింగాలన్నాడు. షుగరున్న కాలు, ఆటలు కుదరవన్నాడు. మింగాను. మూడోనాటికి వాపు తీసింది. నాలుగోనాటికి చెప్పు పట్టింది. చెప్పు పట్టాక మందెందుకు? వాన వెలిశాక గొడుగు వేసుకుని తిరిగేవాణ్ణి ఊళ్ళో ఏమంటారు?

ఆపేశాను.

ఇక మిగిలిన గొట్టాల సంగతి. మా నాన్న శ్రీకాకుళం నుంచి ఎడ్లబండిమీద ఉప్పు వేసుకుని ఈ కొండలెక్కినవాడు. కొట్లో ఏ డబ్బా అడుగూ కనబడనిచ్చేవాడు కాదు. బియ్యం డబ్బాలో గుప్పెడు, పసుపు బస్తాలో దోసెడు, అగ్గిపెట్టెలో ఆఖరిపుల్ల – మూలం ఉండాలి. మూలముంటే సరుకు దాన్ని వెతుక్కుంటూ వస్తుందనేవాడు. ఒకసారి ఆ ఆఖరిపుల్ల గియ్యనివ్వక అందరం చీకట్లో అన్నాలు తిన్నాం. మా అన్నయ్య గొంతులో ముల్లు దిగింది. చేపముల్లు కాదులే, మన ఇళ్ళల్లో చేపలెక్కడివి, వంకాయ తొడిమ ముల్లు. అన్నయ్య అరిచాడు, నాన్న మాత్రం పుల్ల గియ్యలేదు. అలాంటి వంశంలో పుట్టి నేను మందుపట్టీ ఖాళీ చేస్తానా? మిగిలినవన్నీ బిస్కెట్ల రేకుడబ్బాలో వేసి కొట్లో లక్ష్మీదేవి పటం కింద పెట్టాను.

చింతపండు రోజులొస్తున్నాయి. బంధుగాం సంతకి నా కాళ్ళతో నేను వెళ్ళి, పండు నొక్కి, వాసన చూసి కొంటేనే మన కొట్టుకి కొట్టన్న పేరు. పార్వతీపురం వ్యాపారులు అప్పుడే జీపులు కడిగించుకుంటున్నారట. ఈ ఏడు ఆ సంత తప్పిందా, ఏడాది పొడుగునా గోదాంలో ఎలకలు కూడా మన మొహం చూడవు.

ఇట్లు,
రెండు చెప్పులూ తొడుక్కున్న నీ బావ,
సోమేశ్వరరావు.

తా.క.: కొట్లో చింతపిక్కలు తీసే గురమ్మకి పన్నుపోటు. రేపు ఒక గొట్టం ఇద్దామనుకుంటున్నాను. మనం కొసరు పెట్టకుండా ఎవర్ని పంపాం?


జయపురం,
ఫిబ్రవరి, 1997.

పూజ్యులైన బావగారికి మల్లేశ్వరరావు నమస్కారం. ఒంటిచేతి నమస్కారమే, క్షమించాలి. రెండో చెయ్యి నా నెత్తిమీద ఉంది. మీ ఉత్తరం చదివినప్పుడు అక్కడికి వెళ్ళింది, ఇంకా దిగిరాలేదు.

ఆహా! డాక్టరు ఏడురోజులంటే మీరు మూడురోజులకి బేరం తెగ్గొట్టారన్నమాట. ఆయన పాపం టోకువర్తకుడితో మాట్లాడుతున్నానని తెలీక ముందే అసలు రేటు చెప్పేసి ఉంటాడు.

నేను పాతికేళ్ళు రైస్‌మిల్లులో గుమస్తాగిరీ చేశాను. ధాన్యానికి పురుగు పడితే గోదాం అంతటికీ మందు పెట్టి, చెప్పినన్నాళ్ళూ తలుపు తియ్యం. మధ్యలో తీస్తే ఏమవుతుంది? పిల్ల పురుగులు చస్తాయి. ముదుళ్ళు బతికి బట్టకట్టి, పిల్లా మేకా పెట్టి, తర్వాత ఏ మందు పెట్టినా "ఓస్, ఇదా!" అంటాయి. మీ కాల్లో ఇప్పుడున్నవి ముదుళ్ళు. వాపు తగ్గడం వేరు, రోగం తగ్గడం వేరు. మీరు డబ్బాలో గొట్టాలకి మూలం దాచారనుకుంటున్నారు. కాదు, కాల్లో పురుగులకి మూలం దాచారు. సరుకు దాన్ని వెతుక్కుంటూ తప్పకుండా వస్తుంది. మీ నాన్నగారి మాట వృథా పోదు.

అయినా మీకు చెప్పేపాటివాణ్ణా? గురమ్మ ఒక్కర్తే చేసిన పుణ్యమేమిటి? కొట్టుముందు బోర్డు కట్టించండి: 'సోమేశ్వర ఔషధాలయం. వీశెడు చింతపండు కొన్నవారికి ఒక గొట్టం ఉచితం. ఏ రోగమో మాకు అనవసరం.' జనం రాయగడ స్టేషను దాకా బారులు తీరతారు.

ఇట్లు,
మీ తెలివికి దాసుడు,
మల్లేశ్వరరావు.

తా.క.: వెలిసిన వానకి గొడుగెందుకన్నారు. బావగారూ, వాన వెలిసిందో, మబ్బు ఊపిరి తీసుకోవడానికి ఆగిందో చెప్పడానికి ఆ డాక్టరు చాలా ఏళ్ళు చదువుకున్నాడు.


రాయగడ,
మార్చి, 1997.

చి. మల్లేశ్వరరావుకి దీవెనలు. నీ ఉత్తరం అందింది. నాలుగుసార్లు చదివాను. మొదట్లో ఏదో పురుగుల పురాణం రాశావు, అది అర్థంకాలేదు. చివర్లో మాత్రం చక్కటి సలహా ఇచ్చావు. బావమరిది బావ బతుకు కోరతాడని ఊరికే అన్నారా?

బోర్డు రాయించాను. నీలం మీద తెలుపు. ఇక్కడ పెయింటరుకి ఒడియా, ఇంగ్లీషే వచ్చు, తెలుగు బొమ్మ గీసినట్టు గీస్తాడు. 'ఔ' దగ్గర కుంచె ఒకసారి జారింది కానీ దూరం నుంచి చూస్తే అందంగానే ఉంది. 'ఏ రోగమో మాకు అనవసరం' అన్నది మాత్రం తీసేశాను. మరీ నిజాయితీగా ఉంది.

గురమ్మకి గొట్టమిచ్చిన సంగతి రాయాలి. మింగిన గంటకల్లా ఒళ్ళంతా గోక్కుంటూ వచ్చింది. "ఏటి బాబూ ఇది, ఒంటినిండా సీమలు పాకుతున్నట్టుంది" అంది. చూస్తే అట్లకాడతో కాల్చినట్టు దద్దుర్లు. పెదవులు ఉబ్బి, పెళ్ళివిందులో మొదటి పంక్తికి కూర్చున్నదానిలా అయింది. నేనేమీ కంగారుపడలేదు. మందు లోపలి విషాన్ని బయటికి తోస్తోందని ధైర్యం చెప్పాను. మీ అక్క మాత్రం నా మాట సగంలో ఉండగానే గురమ్మని రిక్షా ఎక్కించి ఆసుపత్రికి పట్టుకుపోయింది. అక్కడేదో సూదిమందు వేసి సాయంత్రం దాకా పడుకోబెట్టారట. ఇప్పుడు కులాసాగా ఉంది. కానీ నన్ను చూస్తే చింతపిక్కల బుట్ట అడ్డం పెట్టుకుంటోంది.

ఆ రోజు నుంచీ మీ అక్క నాతో మాట్లాడటం తగ్గించి, నా డబ్బాని తుడవడం ఎక్కువ చేసింది. రోజూ దాన్ని వంటింట్లోకి తీసుకుపోయి, తళతళలాడించి తెస్తోంది. కన్యకాపరమేశ్వరి అని పేరు పెట్టుకున్నందుకు మా ఇంట ఆ పాటి భక్తి ఉండాల్సిందే.

ఆ తర్వాత ఇచ్చినవన్నీ బ్రహ్మాండంగా పనిచేశాయి. పక్కవీధి పద్మకుమారి టీచరుకి జలుబు, ఒక్క గొట్టానికి తగ్గింది. బట్టలకొట్టు శ్రావణ్‌కుమార్‌కి కడుపుబ్బరం, గంటలో కొట్టొచ్చినట్టు గుణం కనిపించింది. మన పార్సిళ్ళు తెచ్చే జయపురం బస్సు కండక్టరు గురువులికి గొంతు గరగర, లక్ష్మీపూర్ ఘాటీరోడ్డు దిగేలోగా గొంతు విచ్చుకుని ప్రయాణికుల్ని మునుపటికంటే గట్టిగా తిట్టాడట. ఏ డాక్టరుకి దక్కింది ఈ హస్తవాసి?

ఇట్లు,
సోమేశ్వర ఔషధాలయం తరఫున,
సోమేశ్వరరావు.

తా.క.: ఒక్క విచిత్రం. నా మందు మింగిన ప్రతివాడూ శొంఠివాసన తేనుస్తున్నాడు. విదేశీ ఫార్ములా కాబోలు.


జయపురం,
మార్చి, 1997.

ధన్వంతరికి ముందు పుట్టాల్సిన బావగారికి నమస్కారం.

బోర్డు నిజంగా కట్టించారా? ఆ వాక్యం చదివి బాలామణి వంటింట్లో గరిటె వదిలేసింది. "మీ ఎటకారం ఆయనకి అర్థం కాదని పెళ్ళైన కాడినుంచీ సెప్తన్నాను, ఇన్నారేటి?" అని నన్ను తిట్టింది. నాకొక్కటే ఊరట, మీకు అర్థం కాదు కనుక ఇది కూడా బాధించదు.

గురమ్మకి దద్దుర్లొస్తే విషం బయటికి వచ్చిందన్నారు. ఇంకాస్త ఉంటే ఊపిరాడక ప్రాణం కూడా బయటికి వచ్చేది, అప్పుడు మందు పూర్తిగా పనిచేసిందని రాసేవారు. ఒకరికి పడ్డ మందు ఇంకొకరికి పడదు బావగారూ. అందుకే డాక్టరు ముందు "ఏ మందైనా పడదా?" అని అడిగి అప్పుడు కలం తీస్తాడు. మీరు గురమ్మని అడిగారా? పన్నుపోటుకీ, కడుపుబ్బరానికీ, కాలి చీముకీ ఒకే గొట్టమేమిటి? జలుబుకి అసలు ఆ మందుతో పనే లేదు. జలుబు మందేస్తే వారంలో పోతుంది, వెయ్యకపోతే ఏడురోజుల్లో పోతుంది. పద్మకుమారి టీచరు జలుబు పోయే రోజుకి మీ గొట్టం అడ్డం వెళ్ళి పేరు కొట్టేసింది.

అయినా ఊరందరికీ పంచడం ఏమిటి, మీది మరీ వెన్నమనసు. మిగిలినవి మీ కాలికే దాచుకోండి. సంతకొకటి, అమావాస్యకొకటి, ఆవలింత వచ్చినప్పుడొకటి మింగండి. డాక్టరు చీటీకంటే పంచాంగం పాతది. పాతదానికున్న గౌరవం కొత్తదానికెక్కడిది?

ఇట్లు,
రెండో చెయ్యి కూడా నెత్తికెత్తుకున్న,
మల్లేశ్వరరావు.

తా.క.: నాకు కాస్త ముక్కుదిబ్బడగా ఉంది. దయచేసి గొట్టాలు పంపకండి.


రాయగడ,
మార్చి ఆఖరు, 1997.

చి. మల్లేశ్వరరావుకి బావ రాయునది. ఇక్కడ మేమంతా క్షేమమని రాయడానికి కలం ఒప్పుకోవడం లేదు.

నీ సలహా తు.చ. తప్పకుండా పాటించాను. సంతరోజుకొకటి, అమావాస్యకొకటి మింగాను. ఆవలింతలు ఎక్కువ, గొట్టాలు తక్కువ కావడంతో ఆ మూడో నియమం మాత్రం వదిలేశాను. అందువల్లే బెడిసికొట్టిందేమో నువ్వే చెప్పాలి.

కాలు మళ్ళీ వాచింది. ఈసారి పనసకాయ కాదు, పనసకాయా దాని తొడిమా కలిపి. దబ్బనం దిగినచోట చీము, చుట్టూ ఎరుపు, ఆ ఎరుపు మడమ దాటి పైకి ఎక్కుతోంది. సాయంత్రమయ్యేసరికి వణుకు. మీ అక్కకి చెప్పలేదు. చెబితే ఆసుపత్రి అంటుంది. కొట్లో పరుపు మీద కూర్చుని కాలిమీద గోనెపట్టా కప్పుకుంటున్నాను. ఎవరైనా అడిగితే కొత్త పట్టా నాణ్యం చూస్తున్నానంటున్నాను.

నాకు తేలిందేమిటంటే, ఆ సరుకు నాసి. మొదటి మూడురోజులూ పనిచేసిన గొట్టం ఇప్పుడు ఎందుకు చెయ్యదు? పైన మంచిపండు పేర్చి కింద ముక్కిన పండు దాచేవాళ్ళని సంతలో రోజూ చూస్తూనే ఉంటాను. మీ ఊరి మందులకొట్టువాడు కూడా పట్టీలో అదే పని చేశాడు. నువ్వు వెళ్ళి అడుగు. వాడు మారుస్తాడా, పెద్దమనుషుల్ని పిలవమంటాడా కనుక్కో.

బంధుగాం పెద్దసంత దగ్గరపడింది. ఇక్కడికొచ్చిన కొండవాళ్ళు "సావుకారు ఒస్తన్నాడా?" అని అడిగి వెళ్ళారు. వస్తున్నానని చెప్పాను. ఏ కాలితో వస్తానో వాళ్ళు అడగలేదు.

ఇట్లు,
ఒక చెప్పు చేత్తో పట్టుకున్న,
సోమేశ్వరరావు.

తా.క.: నాక్కూడా ఇప్పుడు శొంఠి తేన్పులే వస్తున్నాయి.


జయపురం,
కండక్టరు గురువులు ద్వారా.

బావగారికి నమస్కారం.

ఇందులో వెటకారం లేదు. ఇంతకుముందు రాసిన వాటిల్లో ఉన్నది వెటకారం. బోర్డు వెటకారం. సంతకొకటి అన్నది వెటకారం. తప్పు నాది, కాలు మీది.

పోస్టులో వేస్తే ఆలస్యమని గురువులు చేత పంపుతున్నాను. ఇది అందిన గంటలో రాయగడ ఆసుపత్రికి వెళ్ళండి. అక్కకి చెప్పండి. డబ్బా పట్టుకెళ్ళి ఏం మింగారో, ఎప్పుడు ఆపారో, మళ్ళీ ఎలా మొదలెట్టారో ఒక్కటీ దాచకుండా డాక్టరుకి చెప్పండి. షుగరు సంగతి కూడా. ఎరుపు పైకెక్కుతోందంటే అది ఆలోచించుకుని చేసే బేరం కాదు.

నేనే వచ్చి మోసుకెళ్ళేవాణ్ణి. జలుబుతో గొంతు పూర్తిగా పడిపోయి, జ్వరంతో లేవలేకుండా ఉన్నాను.

మల్లేశ్వరరావు.

తా.క.: ఏమీ లేదు. వెళ్ళండి.


రాయగడ,
ఏప్రిల్, 1997.

చి. మల్లేశ్వరరావుకి ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. ఈసారి ఎడమకాలిని కూడా కలిపి రాస్తున్నాను.

నీ ఉత్తరం అటూ ఇటూ తిప్పి చూశాను. ఒక్క ఎకసెక్కెం లేదు. తా.క.లో కూడా లేదు. నీకేదో పెద్ద ప్రమాదం జరిగి, ఆఖరి మాటలు రాశావనుకున్నాను. ఆ భయంతోనే ఆసుపత్రికి బయల్దేరాను. నా కాలికోసం వెళ్ళానని ఎవరైనా అంటే నమ్మకు.

గోనెపట్టా తీసి కాలు చూపించగానే మీ అక్క రిక్షా పిలిచింది. రిక్షాలో నా పక్కన కూర్చుని డబ్బా ఒళ్ళో పెట్టుకుని దారంతా దాన్నే చూసింది. కాలు వైపు ఒక్కసారి చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆవిడ కంట నీరు చూడటం రెండోసారి. మొదటిసారి ఉల్లిపాయలు.

ఆసుపత్రిలో సుహాసిని అని ఒడియా డాక్టరమ్మ. చిన్నపిల్ల, మన ఇంటి పిల్లల వయసుంటుంది. నా కథంతా విన్నది. బోర్డు సంగతి కూడా చెప్పాను, నీ పేరు కలిపే. అంతా విని, "మౌసా, గోడ కాటిబా కి?" అంది. బాబాయ్, కాలు కోసేద్దామా అని, కూరగాయలు బేరమాడినట్టు అడిగింది. బావమరిదీ, మొదటిసారి నాకు బేరం రాలేదు. బంధుగాం సంతా, పార్వతీపురం జీపులూ అన్నీ కళ్ళముందు తిరిగాయి. ఇంకొన్నాళ్ళు పట్టా కప్పుకుని కూర్చుంటే అడిగేదాన్ని కాను, కోసేసేదాన్ని అంది డాక్టరమ్మ.

చీము తీసి, కడిగి, పరీక్షకి పంపి, కొన్నాళ్ళు అక్కడే పడుకోబెట్టి సూదులు పొడిచి, తర్వాత వేరే రకం మాత్రలిచ్చి ఇంటికి పంపారు. బాగుందనిపించినా ఆపకూడదు, ఒక పూట మర్చిపోతే తర్వాతి పూటకి రెండు కలిపి మింగకూడదు, ఒళ్ళు దురదపెట్టినా విరేచనాలు పట్టుకున్నా వెంటనే రావాలి, ఎవరికీ ఒక్కటి కూడా ఇవ్వకూడదు అని నాతో పాఠంలా అప్పజెప్పించుకుంది. సావుకారుకొట్లో పద్దు అప్పజెప్పడం నాకు కొత్తకాదు కనుక నెగ్గాను.

అన్నీ మింగాను. ఆఖరి మాత్ర దగ్గర చెయ్యి ఆగింది. కొత్త మాత్రలు వేసుకున్న డబ్బాలో అదొక్కటే. అది తీస్తే అడుగు కనబడుతుంది. మా నాన్న గోడమీద పటంలోంచి చూస్తున్నాడు. నేను పటాన్నీ డబ్బానీ మార్చి మార్చి చూస్తుంటే మీ అక్క వచ్చి డబ్బాలో ఒక పసుపుకొమ్ము వేసింది. "డబ్బా ఖాళీ నేదు. ఇప్పుడు మింగుతారేటి, నన్ను మింగమంటారేటి?" అంది. మింగేశాను. ఇంత సులువైన ఉపాయం మా నాన్నకి తోచి ఉంటే, అన్నయ్య గొంతులో ముల్లు దిగేది కాదు.

నిన్న బంధుగాం సంతకి వెళ్ళాను, డాక్టరమ్మ సెలవు తీసుకునే. బూట్లు తొడుక్కుని, గుమస్తా భుజం పట్టుకుని, నా రెండు కాళ్ళతో. పండు ఎర్రగా, కండగా ఉంది.

ఇట్లు,
రెండు బూట్ల బావ,
సోమేశ్వరరావు.

తా.క.: ఇంతకీ నీకు ఒంట్లో ఎలా ఉంది? మళ్ళీ వెటకారం రాస్తేగానీ నాకు నమ్మకం కుదరదు.


జయపురం,
ఏప్రిల్, 1997.

రెండు కాళ్ళమీదా నిలబడ్డ బావగారికి, రెండు చేతుల నమస్కారం. చేతులు నెత్తిమీంచి దిగాయి.

మీరు సంతకి వెళ్ళారని చదివి బాలామణి దేవుడి దగ్గర దీపం పెట్టింది. నేను మీ వంశ గౌరవం తలుచుకుని అగ్గిపెట్టెలో ఆఖరిపుల్ల ఇచ్చాను.

ఇక మీరు అడిగారు కనుక నా సంగతి. జలుబు రెండురోజుల్లో చెయ్యెత్తి దండం పెట్టి వెళ్ళిపోయింది. ఎలాగని అడక్కండి. మనిషికి నియమముండాలి. వేడినీళ్ళు, విశ్రాంతి, మనోనిబ్బరం. అంతే. డాక్టరు రాయని మందు చేత్తో ముట్టను. ఒకరికి రాసిన గొట్టం ఇంకొకరు నోట్లో వేసుకోవడం అంత అజ్ఞానం మరోటి లేదు. చదువులేని గురమ్మ మింగిందంటే అర్థముంది. పద్మకుమారి టీచరు, పదిమందికి చదువు చెప్పే మనిషి, ఆవిడ కూడా మింగడమేమిటి? ఈ దేశం ఎటుపోతోందో తలుచుకుంటే బెంగగా ఉంది.

ఇట్లు,
నియమమే ఔషధంగా బతుకుతున్న,
మల్లేశ్వరరావు.

తా.క.: ఈమధ్య తేన్పులు ఘాటుగా వస్తున్నాయి. కాఫీలో ఏం కలుపుతున్నావని బాలామణిని అడిగితే, "నానేటీ కలపనేదు" అంటోంది.


రాయగడ,
ఏప్రిల్, 1997.

చిరంజీవి తమ్ముడు మల్లేశుకి అక్క కన్యకాపరమేశ్వరి దీవించి రాయునది.

నేను ఉత్తరాలు రాసేదాన్ని కాను. మీ ఇద్దరూ రాసుకున్నవి చదవడానికే నాకు తీరిక సరిపోయింది. నీ కడపటి ఉత్తరం చదివాక మాత్రం పొయ్యి ఆర్పి కలం పట్టాను.

గురమ్మకి దద్దుర్లొచ్చిన రోజు ఆసుపత్రిలో దాని పక్కన కూర్చుని ఒక నిర్ణయానికి వచ్చాను. మీ బావగారి చేత డబ్బా వదిలించడం నా తరం కాదు, అది వాళ్ళ నాన్న దగ్గర్నుంచి వచ్చిన మూలం. అందుకని ఇంటికొచ్చి డబ్బా తుడిచే వంకన వంటింట్లోకి తీసుకుపోయి, ప్రతి గొట్టమూ విప్పి, లోపలి పొడి పొట్లం కట్టి ఆసుపత్రిలో అప్పగించాను. ఖాళీ గొట్టాల్లో మన కొట్టు శొంఠిపొడి కూరాను. టీచరమ్మ జలుబు, శ్రావణ్‌కుమార్ కడుపుబ్బరం, గురువులు గొంతు – అన్నింటికీ అదే. శొంఠికి తగ్గక మరి దేనికి తగ్గుతాయి? మీ బావగారికి ఊళ్ళో హస్తవాసి పేరు వచ్చింది. నేను నోరు మూసుకున్నాను.

అక్కడే పొరపాటు చేశాను తమ్ముడూ. ఊరికోసం కూరాను కానీ, నీ మాట పట్టుకుని ఆయనే అందులోంచి దొంగతనంగా మింగుతారని నాకు తెలీదు. చీము పట్టిన కాలికి సంతకో శొంఠిగొట్టం! గోనెపట్టా తీసినప్పుడు ఆ కాలు చూసి, దాన్ని నేనే తినేశాననుకున్నాను. రిక్షాలో దారంతా మొక్కుకోని దేవుడు లేడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ చెవిలో నిజం చెప్పాను. చెప్పకపోతే ఆవిడ మందు లెక్క తప్పుతుంది కదా. విని నవ్వాలో తిట్టాలో తెలీక రెండూ చేసింది. "మౌసీ, డబ్బా నాకు తెచ్చి ఇస్తే సరిపోయేది, నువ్వు కంపెనీ పెట్టడమెందుకు?" అంది. ఆవిడ అన్నది నిజమే. మీ బావగారికి మాత్రం ఇంకా చెప్పలేదు. హస్తవాసి పోతే ఆయన కుంగిపోతారు. కాలు గట్టిపడనీ.

నీకో మాట. నువ్వు వెటకారం లేకుండా ఒక్క ముక్క రాయలేవు, ఆయన ఒక్క వెటకారం పోల్చుకోలేరు. మీ ఇద్దరి మధ్యా పోస్టుమాన్ తిరిగితే ఫరవాలేదు, కాళ్ళూ ప్రాణాలూ తిరగకూడదు. ఇకమీదట మందుమాట రాసేటప్పుడు మొన్న గురువులు చేత పంపినట్టు రాయి. నీ ఉత్తరాలన్నింట్లోకీ ఆయన్ని కదిలించింది అదొక్కటే.

బోర్డు తీయించాను. చెక్క పారెయ్యడం ఎందుకని వెనక్కి తిప్పి 'శొంఠి, పసుపు టోకున దొరుకును' అని రాయించాను. ఈసారి పెయింటరు చెయ్యి జారలేదు.

ఇక నీ నియమం, మనోనిబ్బరం సంగతి. గురువులు నీ ఉత్తరం మీ బావగారి చేతికిచ్చి, పెరటిగుమ్మం దగ్గరికొచ్చి నన్ను పిలిచాడు. "అమ్మా, జయపురం అయ్యగోరు రెండు గొట్టాలు అట్టుకు రమ్మన్నారు. జలుబంట. బావగోరికి సెప్పొద్దన్నారు" అన్నాడు. ఇచ్చి పంపాను. శొంఠి జలుబుకి మంచిదే కదా. బాలామణిని అనుమానించకు, ఆ పిల్ల కాఫీలో ఏమీ కలపడం లేదు.

ఇట్లు,
నీ మేలుకోరే అక్క,
కన్యకాపరమేశ్వరి.

తా.క.: గురివిందగింజకి తన కింది నలుపు తెలీదంటారు. అందుకే నీకు పంపిన రెండూ ఎరుపు పైకి కనబడేలా పొట్లం కట్టాను.